నాయన పొట్టలో పంపు

బేతంచెర్ల గనిలో బండ జారిపడి వెన్ను దెబ్బతిన్న తర్వాత నాయన కూర్చోనూ లేక, పడుకోనూ లేక ఏళ్ల తరబడి మూలిగాడు. ఏ మాత్రా పని చేయకపోతే బెంగళూరులో ఆయన పొట్ట చర్మం కింద అరచేతిలో పట్టేంత పంపు పెట్టారు. అందులోని మందు సన్నటి గొట్టం గుండా కొంచెం కొంచెంగా వెన్నులోకి దిగుతుంది. రెండు నెలలకోసారి నేను తీసుకెళితే సూదితో మళ్లీ నింపేవారు.

పంపు పెట్టాక మొదటి ఆదివారం నాయన చర్చిలో ఆరాధన అయ్యేదాకా కూర్చున్నాడు. లేచి సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నా నడుము ముట్టినాడప్పా. నొప్పి యాడికి పోయిందో ఏమో." అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

బయటికొచ్చాక సంఘపెద్ద ఆ మందేమిటని నన్ను అడిగాడు. మార్ఫిన్ అన్నాను. "అది మత్తుమందు కదమ్మా" అన్నాడు, అంతే. ఇక తాగనని నాయన ఒకప్పుడు ఆ సంఘం ముందే మోకరించి ప్రమాణం చేశాడు. ఇప్పుడు కడుపులోనే మత్తు పెట్టుకుని తిరుగుతున్నాడని నలుగురూ అనుకుంటారని నాకు తల కొట్టేసినట్టయింది. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాతిసారి బెంగళూరులో డాక్టరు, ఎలా ఉన్నారని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. "రోజంతా మగతలోనే ఉంటున్నారు, మందు తగ్గించండి" అని నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను. పచ్చి అబద్ధం. నా నోరు పడిపోను, బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నోరే అది. డాక్టరు రిమోటులాంటిదొకటి పొట్ట మీద ఆనించి మోతాదు తగ్గించాడు. ఏమీ అర్థంకాని నాయన నవ్వుతూ ఆయనకు దండం పెట్టాడు.

వారం తిరక్కుండానే నొప్పి మొదలైంది. ఆసుపత్రికి ఫోన్ చేయమని అమ్మ పోరింది. సర్దుకుంటుందిలే అన్నాను. మందు తగ్గించాక మూడో ఆదివారం నాయన నా భుజం పట్టుకుని చర్చిలో లేచాడు.

"నా కోసం ప్రార్థన చేయండప్పా. బాగయినానని శానా గర్వపడినా. నాలో ఏదో పాపం ఉండాది. దేవుడు ఇచ్చింది ఎనక్కి తీసుకున్నాడు."

మర్నాడే రైలెక్కించి మోతాదు పెంచించాను. నొప్పి తగ్గింది, కానీ ఆయన మళ్లీ ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. పోయేదాకా ప్రతి పూటా అన్నం ముందు కూర్చుని, తనకు తెలియని ఆ పాపాన్ని క్షమించమని దేవుణ్ణి అడిగేవాడు. నేను పక్కనే కూర్చుని ఆమేన్ అనేదాన్ని.