ఎంగిలి డ్రమ్ములో పుల్లలు

మా అక్క చేతులు చూస్తే ముళ్లకంపలో పెట్టి తీసిందేమో అనిపిస్తుంది. కంప కాదు, హోటల్ ఎంగిలి. నేను గిన్నెలు కడిగే హోటల్లో జనం తిని వదిలేసిందంతా వెనక వాకిట్లో నీలం డ్రమ్ములో పడుతుంది. బావ పోయినప్పటి నుంచీ అక్క పొద్దున్నే తోపుడు బండితో వచ్చి ఆ డ్రమ్ము తీసుకెళ్లి పందుల్ని మేపుతోంది. అవి బలిశాక మాంసం దుకాణపాయన కొంటాడు. ఆయన దగ్గర మా హోటల్ కొంటుంది. మా ఎంగిలి తిన్న పంది మళ్లీ మా పళ్లేల్లోకే వస్తుందన్నమాట.

ఈ బతుకుతెరువుకి పెద్ద భయం పళ్లు కుట్టుకునే పుల్ల. తిన్నవాళ్లు పని కానిచ్చుకుని, పుల్లని మిగిలిన ముక్కకే గుచ్చి లేచిపోతారు. ఆకలి మీదున్న పంది ఏరుకుని తినదు. పేగులో పుల్ల దిగితే అంతే సంగతులు. అందుకే గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నేను కొన్ని ఏరేవాణ్ని. మిగతావి అక్క ఇంటికెళ్లి, మోచేతుల దాకా ముంచి ఏరేది.

పోయిన వానల్లో జబ్బొచ్చి దొడ్డంతా తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క ఆడపంది మిగిలింది. అదీ సూడిది. అక్క దాన్ని కోడలా అని పిలిచేది. "నా కోడలు నీళ్లోసుకుంది" అని వీధంతా చెప్పుకుంది.

"ఈ కాన్పు గట్టెక్కితే దొడ్డి నిండుద్దిరా. లేదంటే నా పని ఇక అయిపోయినట్టే" అంది నాతో.

సరిగ్గా అప్పుడే మేనేజరు నన్ను గిన్నెల దగ్గర్నుంచి తీసేసి, పైన గదులు తుడవమన్నాడు.

"నువ్వు ఎంగిలిలో నిధులు వెతుక్కుంటుంటే ఇక్కడ పళ్లేలు గుట్టలు పడుతున్నాయి" అన్నాడు.

నా చోటికి వచ్చినతన్ని అక్క బతిమాలింది.

"నాయనా, పుల్లలు మాత్రం పక్కన పడెయ్యవా? నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు."

"అదేంటి పిన్నీ, నీ పంది మాత్రం పళ్లు కుట్టుకోవద్దా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. డ్రమ్ము ఇచ్చేవాళ్ల మీద కోపం తెచ్చుకునే స్తోమత మాకు లేదు.

కొన్నాళ్లకి కోడలు మేత ముట్టడం మానేసింది. కబురందుకుని నేను వెళ్లేసరికి పొట్ట బిగుసుకుపోయి, పక్కకి పడి పళ్లు కొరుకుతోంది. పశువుల డాక్టరు నొక్కి చూసి, పేగుకి ఏదో పొడుచుకుంది, చేసేదేం లేదన్నాడు.

అక్క దాని పొట్ట మీద చెయ్యేసి కూర్చుంది. "లోపల కదులుతున్నాయిరా. నువ్వూ చూడు."

చెయ్యి పెట్టి చూశాను. కదులుతున్నాయి.

దుకాణపాయన వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "ఇప్పుడు కోస్తే మాంసం అమ్మా. రేపైతే గొయ్యి తవ్వుకోవాలి."

"ఈనేదాకా ఆగన్నా, ఇంకెన్నాళ్లు."

"నేను ఆగుతా. అది ఆగాలిగా?"

అక్క నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. అక్క దాని పొట్ట మీంచి చెయ్యి తీసి "తీసుకెళ్లు" అంది. తాడు మాత్రం తనే కట్టింది.

కోసేటప్పుడు నేను దగ్గరున్నాను. పేగుకి అడ్డంగా పుల్ల, విరగనైనా లేదు. పిల్లలు జానెడేసి ఉన్నాయి, గిట్టలతో సహా తయారై. దుకాణపాయన వాటిని బకెట్లో వేసి గోనె కప్పి, "మీ అక్కకి చెప్పకు" అన్నాడు. చెప్పడానికేముంది, ఆమె చేత్తో చూసిందే కదా.

ఆ సాయంత్రం పైన గదులు తుడుస్తుంటే ఒక తలుపు బయట తిని పెట్టిన పళ్లెం కనిపించింది. మిగిలిన ముక్కలో నిటారుగా పుల్ల.

మర్నాడు అక్క మామూలుగానే బండి తోసుకుంటూ వచ్చింది.

"ఇంకెవరికక్కా ఇది?"

"ఒక్కరోజు రాకపోయినా డ్రమ్ము ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడంట మీ మేనేజరు. దుకాణపాయన ఎప్పటికైనా ఒక పందిపిల్లనిస్తానన్నాడు. అప్పుడు మేతకి ఎక్కడికి పోను?"

రోజూ తీసుకెళ్లి మురిక్కాలవలో పోస్తోంది. ఒకరోజు వెనకే వెళ్లి చూశాను. గట్టు మీద కూర్చుని, డ్రమ్ములో మోచేతుల దాకా ముంచి, పుల్లలు ఏరుతోంది.

"కాలవలో పోసేదానికి ఏరడమెందుకే?"

"కోడలు లేదని చేతులకి తెలియట్లేదురా" అంది. వేలికి గుచ్చుకున్న పుల్లని పళ్లతో పీకి, కాలవలోకి ఉమ్మేసింది.