ఓడలో కొబ్బరి ముక్క

పెళ్లయిన మూడో వారంలో నేనూ నా భార్యా విశాఖపట్నంలో అండమాన్ ఓడ ఎక్కాము. రెండో రోజుకే ఆమె వాంతులతో కళ్లు తెరవలేకపోయింది. మాత్ర నిలవలేదు, మంచినీళ్లూ నిలవలేదు. గుడివాడ క్రైస్తవ సంఘంలో రోగుల కోసం గంటల తరబడి ప్రార్థించినవాణ్ణి, ఆ రోజు "ప్రభువా, తీసుకుపోవద్దు" అన్నదానికి మించి ఒక్క మాట రాలేదు.

"ఏవండీ, నన్ను మా అమ్మ దగ్గర దింపెయ్యండి," అంది. చుట్టూ నీళ్లే.

పక్క బెర్తులో కృత్తివెన్ను వైపు చేపలవాళ్ల పెద్దావిడ ఉంది. కొంగుముడి విప్పి కొబ్బరి ముక్క చాపింది.

"ఖాళీ కడుపునే సముద్రం ఎక్కువ తిప్పుద్ది బాబూ. ఇది నవిలి మింగమను. ఎక్కేముందు గంగమ్మకి కొట్టాం."

ముక్కకు కుంకుమ అంటి ఉంది. విగ్రహాలకు అర్పించినది ముట్టకూడదన్న బైబిలు వచనం చిన్ననాటి నుంచి నేర్చుకున్నవాణ్ణి.

"మేం ప్రభువును నమ్ముకున్నవాళ్లమండీ. తినకూడదు."

ఆవిడ తన సీసాలో మిగిలిన మంచినీళ్లు పోసి, ఎరుపు పోయేదాకా ఆ ముక్కను బొటనవేలితో రుద్దింది.

"మా గంగమ్మ ఏవీ అనుకోదు. మీ ప్రభువేంటయ్యా, పిల్లని చంపుకోమన్నాడా?"

నా భార్యకు నమిలే ఓపిక లేదు. నేనే నమిలి, మెత్తబడ్డాక వేలితో ఆమె నాలుక మీద పెట్టాను. అది నిలిచింది. సాయంత్రానికి లేచి కూర్చుంది.

ఇప్పటికీ సంఘంలో ఆ వచనం మీద బోధించమంటే, మరో సహోదరుణ్ణి లేపి నేను కూర్చుంటాను.