తలుపు మూసి చేసే పని

మా పెద్దనాన్నను పనివాళ్లంతా అద్దం మేస్త్రి అనేవారు. ఆయన పాలిష్ పెట్టిన బల్లలో చూసుకుని తల దువ్వుకోవచ్చని ఆ పేరు. లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో కరిగించి, మెత్తటి గుడ్డలో చుట్టిన దూదిముద్దను అందులో ముంచి, చెక్క మీద పొర మీద పొరగా రుద్దుతారు. దుమ్ము పడితే పని చెడుతుంది కాబట్టి తలుపూ కిటికీలూ మూసేస్తారు. పగలంతా ఆయన ఆ వాసనలోనే ఊపిరి పీల్చేవాడు.

మొదట సాయంత్రాలు తాగేవాడు. తర్వాత పొద్దున్నే మొదలుపెట్టాడు. చివరికి వేరే ఏదీ దొరకని రోజు ఆ స్పిరిట్ డబ్బానే ఎత్తాడు. అది తాగి పక్క షాపు పనివాడొకడు రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసే పెద్దనాన్న తాగాడు.

ఒక ఉదయం లేచేసరికి గదంతా మంచు పట్టినట్టు తెల్లగా కనిపించింది.

"లైటు వెయ్యవే" అన్నాడట.

ఎండ ఆయన మొహం మీదే పడుతోంది. పెద్దమ్మ ఆయన్ను చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపించింది.

చూపు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు ఆస్పత్రి డాక్టరు. మూడో రోజు పెద్దనాన్న మంచం కమ్మీ పట్టుకుని, అంతవరకు ఎన్నడూ పలకరించని దేవుడితో మాట్లాడాడు.

"ఒట్టు పెట్టను. ఇదివరకు పెట్టిన ఒట్లు నీకూ తెలుసు, మా ఆవిడకీ తెలుసు. నా చెయ్యి నా మాట వినదు. నువ్వే పట్టుకో."

పక్కనే స్టూలు మీద కూర్చున్న పెద్దమ్మ అది విన్నది. "ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదే" అని తర్వాత నాతో చెప్పింది.

కుడికన్ను బాగానే వచ్చింది. ఎడమకన్నుకు మసక మిగిలిపోయింది. ఇంటికొచ్చాక తాగాలని నాలిక పీకినప్పుడల్లా ఆయన గోడవైపు తిరిగి "నువ్వే పట్టుకో" అనుకునేవాడు. కొన్నిసార్లు రోజంతా అదే మాట. పెద్దమ్మ మాత్రం నీడలా వెంటే తిరిగేది.

"స్నానానికి కూడా కాపలానా?"

"లోపల ఏం తాగుతున్నావో నాకేం తెలుసు?"

అలా ఆరు వారాలు గడిచాక షాపు యజమాని ఇంటికొచ్చాడు. పన్నెండు మంది కూర్చునే పెద్ద బల్ల, ఎల్లుండికి ఇవ్వాలట.

"నువ్వైతేనే అవుతుందయ్యా అద్దం మేస్త్రీ. నువ్వు రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా. తర్వాత నన్ననొద్దు."

పెద్దనాన్నకు వేరే పని రాదు. చాలాసేపు తన చేతులు చూసుకుని సరేనన్నాడు.

"నేనూ వస్తా" అంది పెద్దమ్మ.

"ఏమ్మా, పాలిష్ నేర్చుకుంటావా?" అని నవ్వాడు యజమాని.

"ఇంట్లో కూర్చుని గుండె ఆగి పోయేకన్నా నయం, అన్నయ్యా."

షాపుకు చేరాక పెద్దనాన్న పాలిష్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెద్దమ్మ బయట బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని చెవులు రిక్కించింది. ముద్ద చెక్క మీద నడుస్తుంటే స్, స్ మని సన్నటి చప్పుడు. మధ్యలో ఆగకూడదు, ఆగితే ముద్ద అంటుకుని మచ్చ పడుతుందని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మనిషి బాగున్నట్టే.

మొదటి పొర అయింది. రెండోదీ అయింది. మూడో పొర మధ్యలో చప్పుడు ఆగింది. డబ్బా మూత తిరిగిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

పెద్దమ్మ లేచి తలుపు మీద చెయ్యి వేసింది. తీస్తే ఏం చూడాలో! ఆయన తాగకపోతే మాత్రం? తలుపు తీస్తే పడే దుమ్ముతో ఈ పనీ పోతుంది, తనకు నమ్మకం లేదనీ ఆయనకు తెలిసిపోతుంది. "చూసి తట్టుకునే బలం ఇవ్వు తండ్రీ" అనుకుని తలుపు తోసింది.

ఆయన బల్ల పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. ఒళ్లో డబ్బా, చేతిలో మూత. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. పెద్దమ్మ వెనకాలే వచ్చిన రంపపు పొడి తడి పాలిష్ మీద వాలింది.

"తాగావా?"

లేదన్నట్టు తలూపాడు. "పట్టుకోమని అడుగుతూనే ఉన్నా. పట్టుకున్నాడో లేదో తెలియట్లేదు. మూత పెట్టలేకపోతున్నానే. పారిపోదామంటే కాళ్లు రావట్లేదు, నిన్ను పిలుద్దామంటే గొంతు రాలేదు."

"నువ్వు పిలవకుండానే వచ్చానుగా."

ఆయన కళ్లు తెరిచి ఆవిడను అలాగే చూస్తుండిపోయాడు. బిగుసుకున్న వేళ్లను ఆవిడే ఒక్కొక్కటిగా విప్పి, మూత తీసుకుని డబ్బాకు బిగించింది.

యజమాని పరిగెత్తుకొచ్చాడు. "తలుపెందుకు తీశారు! బల్లంతా నాశనం!"

పెద్దనాన్న లేచి నిలబడ్డాడు. "ఉప్పుకాగితంతో గీకి మళ్లీ మొదలుపెడతా సార్. కానీ తలుపు మూయను. స్పిరిట్ మా ఆవిడ పోస్తుంది. ఈ డబ్బాతో ఒక్కణ్ణే ఉండలేను. నాకు భయం."

పరాయి మనిషి ముందు ఆ మాట అనడం అదే మొదలు.

"దుమ్ము పడుతుందయ్యా!"

"పడనివ్వండి."

యజమాని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. బల్లలో అక్కడక్కడా నలకలు మిగిలాయి. తొమ్మిదేళ్లుగా ఆయన పని అలాగే సాగుతోంది. అద్దంలాంటి నునుపు కావాలనుకున్న వాళ్లు వేరే చోటికి వెళ్లారు. ఆయన మళ్లీ తాగలేదు.

ఇప్పుడు భయం పోయిందా అని మొన్న అడిగాను.

"లేదమ్మా. ఆ మూత తీస్తే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. అది పోవాలని నేను అడగను కూడా. భయం పోయిన రోజున మీ పెద్దమ్మను బయటికి పంపి తలుపేసుకుంటానేమో."

"పంపి చూడు" అంది పెద్దమ్మ, గిన్నెలోకి స్పిరిట్ వంపుతూ.