టైం రాయని పేజీ

ఆ సరిహద్దు పోస్టుకు నేను చేరింది నడి చలికాలంలో, పగలు పదకొండుంబావుకు. ఎత్తు పదమూడు వేల అడుగులు. మైనస్ పద్దెనిమిది. మూడు బంకర్లు, పద్నాలుగు మంది, ఒక కిరోసిన్ పొయ్యి. నేను రేడియో ఆపరేటర్ని. సుబేదార్ సాబ్ నా చేతికి లాగ్‌బుక్ ఇచ్చాడు. "విన్నది రాయి. విన్న టైం రాయి," అన్నాడు హిందీలో.

తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు విక్టర్, మారేడ్‌పల్లివాడు. గస్తీకి వెళ్తే రేడియో సెట్టు వీపున మోసేది అతనే.

ఒకసారి మూడు రోజులు మంచు ఆగలేదు. నాలుగో పొద్దున ఆకాశం తేటపడింది. ఎదురుగా ఉన్న వాలు మాత్రం ఉబ్బి కనిపించింది.

"అది నాకేం బాగా అనిపించట్లేదన్నా," అన్నాడు విక్టర్, బూట్లు బిగిస్తూ.

గస్తీకి ఆర్డర్ ఉంది. ఆరూ పదికి నలుగురు బయలుదేరారు.

ఏడూ నలభైకి లారీ టైరు పేలినట్టు ఒక చప్పుడు. వాలు మొత్తం కదిలింది. ముగ్గురు పక్కకు పడి బతికారు. విక్టర్ కనబడలేదు.

ఏడూ నలభై నాలుగుకు నా సెట్టులో అతని గొంతు. "అన్నా, వినిపిస్తుందా? ఓవర్."

"వినిపిస్తుంది! ఎక్కడున్నవ్?"

జవాబు లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మాట్లాడటానికి నొక్కే బటన్ మంచుకు బిగుసుకుపోయిందని అర్థమైంది. అది పైకి లేస్తే తప్ప నా మాట అతనికి చేరదు. అతని మాట నాకు వస్తూనే ఉంటుంది. అయినా అరిచాను. పోస్టులో ఉన్నవాళ్లు పారలు పట్టుకుని పరుగెత్తారు. వాలు ఇంకా జారుతోంది. అంచు దగ్గర ఆగిపోయారు.

అతను అడుగుతూనే ఉన్నాడు. "అన్నా, వినిపిస్తుందా? ఓవర్." అడిగినప్పుడల్లా నా జవాబు కోసం ఆగేవాడు. చివరిసారి ఎనిమిదీ ఇరవై ఆరుకు. అన్నీ లాగ్‌బుక్‌లో రాశాను.

ఏడు నెలల తర్వాత సికింద్రాబాద్ స్టేషన్లో దిగాను. మా ఇంటికన్నా ముందు మారేడ్‌పల్లి పోయాను. విక్టర్ చెల్లెలు సుజాత, స్కూల్ టీచర్, తలుపు తీసింది.

"తక్లీఫ్ పడలేదమ్మా," అన్నాను. "అప్పటికప్పుడే పోయిండు."

రిటైరయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడి, ఆ పోస్టు సంగతులు రాయడం షురూ చేశాను. వారపత్రికకు పంపిన మొదటి నాలుగూ తిరిగొచ్చాయి. ఐదోది వేశారు. వాక్యాలు మరీ పొట్టిగా ఉన్నాయన్నాడు ఎడిటర్. నాకు వేరే రకం రావు. మూడేళ్లకు పుస్తకం వచ్చింది. అందులోనూ విక్టర్ అప్పటికప్పుడే పోయాడనే రాశాను. జనం మెచ్చుకున్నారు. బేగంపేటలో శాలువా కప్పారు. ఆ శాలువా మడత పెట్టాక మళ్లీ విప్పలేదు.

నిరుడు సుజాత మా ఇంటికి వచ్చింది. చేతిలో నా పుస్తకం, పేజీల నిండా పెన్సిల్ గీతలు.

"అన్నయ్యా, ఇందులో టీ తాగిన టైం కూడా రాశారు. మా అన్నయ్య పోయిన టైం ఒక్కటే లేదు. ఎందుకని?"

ఆమెను కూర్చోబెట్టాను. తర్వాత చెప్పాను. నలభై రెండు నిమిషాలూ చెప్పాను.

ఆమె పుస్తకం మూసింది.

"అయితే, ఎవరూ వినట్లేదనుకుంటూనే పోయాడా?"

"లేదమ్మా. బటన్ బిగిసిందని వానికి తెలిసింది. అంటే, మేం వింటున్నమని సుత తెలిసే ఉంటది."

"మీకెట్లా తెలుసు?"

తవ్వి తీసినప్పుడు చూసింది చెప్పాను. ఆమె లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "రాయండి. టైంతో సహా."

రెండో ముద్రణలో ఆ పేజీ మార్చాను. ప్రూఫ్ సుజాతే చదివింది.

పుస్తకాలు మూడయ్యాయి. నాలుగోది రాస్తున్నాను. కాగితం ముందు పెట్టుకున్నప్పుడల్లా అదే వస్తుంది. ఆ రోజు పగలు రెండున్నరకు విక్టర్‌ని తవ్వి తీశాం. కుడి చేతికి గ్లవ్ లేదు. పళ్లతో పీకి పారేసినట్టుంది. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు సగం విరిగి, బటన్ కింద దూరి ఉంది. ఇంకా పైకి లేపుతూనే ఉన్నట్టు.