చివరి అధ్యాయం వినకుండానే

మా ఎడిటర్ సారు పోయారు. మంగళవారం పొద్దున గాజుల దుకాణం అన్న ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి, నేను దబీర్‌పురాలో మా ఇంట్లో కూర్చుని నా నవల చివరి అధ్యాయం తిరగరాస్తున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చే ఆదివారం వింటానని మాటిచ్చిన మనిషి ఇలా పోతాడా అని అన్నమీదే అరిచాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

సారు ఒక పత్రికలో ఎడిటర్‌గా పనిచేసి రిటైరై, హుస్సేనీ ఆలంలో ఉండేవారు. గాజుల దుకాణం అన్నకు కథలు రాసే పిచ్చి. చార్మినార్ దగ్గర ఆయన దుకాణం పైన స్టాకు గది ఉంది. అక్కడే, గాజుల డబ్బాల మధ్య, ఆదివారాలు కొందరం కలిసేవాళ్లం. అక్కడి పద్ధతి సారు పెట్టిందే. రాసినవాళ్లు చదవకూడదు. ఇంకొకరు పైకి చదువుతుంటే రాసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. మనమే చదివితే ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో మనకు తెలుసు కాబట్టి లోపాలన్నీ కప్పేస్తామట. నా వాక్యం అన్న నోట్లో తడబడినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టయ్యేది. అసలు నా ఉద్దేశం ఏమిటంటే అని మొదలుపెట్టానో, సారు చెయ్యెత్తి ఆపేవారు.

"పుస్తకం కొన్నోళ్ల ఇంటింటికి పోయి గిట్లనే చెప్పి వస్తవా అమ్మా?"

ఆయన మెచ్చుకోవడం నేనెన్నడూ వినలేదు. నచ్చని చోటు వస్తే కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఇక మనకు మూడిందన్నమాటే. ఒకసారి ఉండబట్టలేక, ఒక్క ముక్కయినా బాగుందని అనొచ్చు కదా అన్నాను. "బాగుందంటె ఇంటికి పోయి పండుకుంటవ్. బాలేదంటె కోపంతోని కూసొని రాస్తవ్" అన్నారు. నిజమే, ఆ నవలలో సగం ఆయన మీద కోపంతోనే రాశాను.

నా నవలలో యాదమ్మ లక్క గాజులు చేస్తుంది. చివర్లో ఆమె దుకాణం పోతుంది. ఎలా పోవాలన్నదగ్గరే లొల్లి. అచ్చువేస్తామన్న సంస్థలోని సంపాదకుడు, చదువుకున్న కుర్రాడే, పాతబస్తీ నవల అంటే పాఠకులు గొడవలు, కర్ఫ్యూ ఆశిస్తారని, దుకాణం అల్లర్లలో తగలబడితే ముగింపు బలంగా ఉంటుందని సలహా ఇచ్చాడు. నేను రాసేశాను. అన్న చదువుతుంటే ఆ మంటల దగ్గరికి రాకముందే సారు కళ్లద్దాలు జేబులోకి వెళ్లిపోయాయి.

"మీ గల్లీల దుకాణాలు ఎట్ల పోయినయ్?" అని అడిగారు.

కిరాయి పెంచారు, ఓనర్లు ఖాళీ చేయించారు, బయట వేలాడదీసిన లక్క గాజులు ఎండకు మెత్తబడి చెడిపోయాయి, ఇలా తోచినవన్నీ చెప్పాను.

"మరి గీ పొగ యాడికెల్లి వచ్చింది? ఎవనికోసం రాసినవ్ దీన్ని?"

ఆ రోజు మెట్లు దిగుతూ మళ్లీ రాకూడదనుకున్నాను. మళ్లీ వెళ్లాను. మంటలు తీసేసి, ఓనరు వచ్చి ఖాళీ చేయమని చెప్పే చిన్న సన్నివేశంతో ముగించాను. సారు వినాల్సింది అదే. కానీ ఆ తర్వాత రెండు వారాలు ఆయన రాలేదు, ఫోన్ చేస్తే పంటి నొప్పి, వచ్చే ఆదివారం వింటానన్నారు. పంటి నొప్పి! నా రాతలో ఒక్క అబద్ధాన్ని ఓర్చుకోని మనిషి, తన ఒంట్లో ప్రాణం తీసేంత జబ్బు పెట్టుకుని మాతో నిక్షేపంగా అబద్ధమాడారు. దానికి నేనాయన్ని ఇంకా క్షమించలేదు.

సంతాపసభ నది అవతల ఒక హాల్లో పెట్టారు. మాట్లాడినవాళ్లంతా ఆయన మృదుభాషి అన్నారు, ఎవరినీ నొప్పించేవారు కాదన్నారు. ఆయనా మృదుభాషి? ఆయన మాట పడలేక ఆదివారాలు మానేసినవాళ్లు ముగ్గురు ఆ వేదిక మీదే కూర్చున్నారు. బతికి ఉన్నప్పుడు ఆయన పేరెత్తితే మొహం తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు శాలువాలు కప్పుకుని కన్నీళ్లు పెట్టారు. లేచి వచ్చేశాను. గుమ్మం దగ్గర ఆ సంపాదకుడు ఎదురై, సారుకు అంకితమిద్దాం మేడం అన్నాడు. ఆ వెంటనే, గొంతు తగ్గించి, ముగింపు మాత్రం పాతదే బలంగా ఉందన్నాడు. ఆయన పేరు మొదటి పేజీలో పెట్టి, ఆయన ఒప్పుకోని మంటలు చివరి పేజీలో పెడతాడట. ఆ మంటలుంటే నా పుస్తకమే వేయొద్దని చెప్పాను. వేయకపోతే మానె, నా యాదమ్మను వాళ్లకు తగలబెట్టనివ్వను.

ఆ ఆదివారం గాజుల దుకాణంలో కొత్త ముగింపు అన్న చదివాడు. నేను నోరు మూసుకుని విన్నాను. ఓనరు మాట వినగానే యాదమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంది. అందరూ బాగుందన్నారు. చాలా బాగుందన్నారు. చావింటి నుంచి వచ్చినదాన్ని ఎందుకు నొప్పించడమని దయ తలచారు. ఆ దయకు నా ఒళ్లు మండిపోయింది.

"మీరందరు కూడ నన్ను పండుకోమనే చెప్తున్నరా?" అన్నాను.

అన్న నా మొహం చూడకుండా, కాగితం చూస్తూ అన్నాడు.

"యాదమ్మ గట్ల ఏడ్వది చెల్లె. లక్క కరిగి చేతిల ఉన్నది. గది గట్టిపడేలోపు గాజు చెయ్యాలె. ఓనరు కాదు, ఎవరొచ్చి ఏం చెప్పినా ఆమె చెయ్యి ఆపది."

నీకేం తెలుసని గయ్యిమన్నాను. ఆమె ఆడది, మనిషి, ఏడ్వకుండా ఎలా ఉంటుందని వాదించాను. గది అంతా రెండు పక్షాలైంది, కిందినుంచి బేరగాళ్లు తలలెత్తి చూసేంత గొడవ. ఎంతకీ అన్న తగ్గలేదు. ఆఖరికి కాగితం లాక్కుని ఆ ఏడుపంతా కొట్టేశాను.

ఇప్పుడా పేజీలో ఓనరు గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెబుతున్నాడు. యాదమ్మ తలెత్తలేదు. వేళ్లు కాలుతున్నా గాజు తిప్పుతూనే ఉంది.