శాంతి నవ్విన రోజు

పక్షవాతం వచ్చి తగ్గాక దానానికి కాలూ చెయ్యీ తిరిగి వచ్చాయి గానీ నోరు మాత్రం పూర్తిగా రాలేదు. ఎడమవైపు పెదవి కిందికి జారి అలాగే ఉండిపోయింది. మాట్లాడితే అక్షరాలు ఒకదానికొకటి అంటుకుపోయేవి. ఊళ్ళో అతని మాట మొత్తం తెలిసేది భార్య శాంతి ఒక్కదానికే. కొట్టు దగ్గరైనా, చర్చిలోనైనా, డాక్టరు ముందైనా అతను ఏదో అనేవాడు, అవతలివాళ్ళు శాంతి మొహం చూసేవారు, ఆమె ఆ మాటే తిరిగి చెప్పేది. అతను అవునన్నట్టు తల ఊపేవాడు. అలా ఇద్దరికీ కలిపి ఒక నోటితో రోజులు గడుస్తున్నాయి.

ఒకప్పుడు ఆ గొంతు వేరు. మలికిపురం చుట్టుపక్కల ఎన్నికలంటే ఆటోకి మైకు కట్టి దానాన్ని ఎక్కించేవారు. పగలంతా పెదబాబుగారి షెడ్డులో కొబ్బరికాయలు ఒలిచి, సాయంత్రం మొహం కడుక్కుని మైకు పట్టుకుంటే కాలవ అవతల చేపలు పట్టేవాళ్ళు కూడా వల వదిలేసి వినేవారు. పెళ్ళిచూపులకంటే ముందు శాంతి చూసింది మనిషిని కాదు, విన్నది ఆ గొంతుని. రోడ్డు మీద ఆటో వెళుతుంటే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, ఆ గొంతు ఎవరిదా అని మెడ చాచి చూసింది.

పార్టీ గెలిచినా ఓడినా దానం జెండా మార్చలేదు. ఏటా రాష్ట్ర మహాసభకి పార్టీ పెట్టిన బస్సెక్కి వెళ్ళేవాడు, వెనక వరసల్లో కూర్చుని, నాయకుల ప్రసంగాలన్నీ విని, ఇంటికొచ్చి శాంతికి అవన్నీ మళ్ళీ చెప్పేవాడు. ఎప్పటికైనా ఆ వేదిక ఎక్కి ఒక్కమాట మాట్లాడాలని అతని కోరిక. నోరు పడిపోయాక ఆ కోరిక కూడా పోయిందనుకుంది శాంతి. పోలేదు.

ఈ ఏడు మహాసభలో పాత కార్యకర్తలకు తలా రెండు నిమిషాలు ఇస్తారన్నారు. మండలంలో పార్టీ పెద్ద పెదబాబు. ఆయన దానం పేరు పంపాడు. ఆ సంగతి తెలిసి శాంతి షెడ్డుకి వెళ్ళింది.

"ఆయన మాట కొత్తవాళ్ళకి తెలీదండీ బాబుగారూ. ఇంకెవరి పేరన్నా రాయండి," అంది.

పెదబాబు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మాటెవరిక్కావాలి శాంతమ్మా? ముసలాయన కండువా కప్పుకుని స్టేజీ మీద నిలబడితే చాలు. పై వాళ్ళు మీ దళితపేటలోంచే ఒకరు కావాలన్నారు. నీకెందుకు బెంగ?" అన్నాడు.

"ఆయ్," అని వచ్చేసింది.

దానానికి మాత్రం చెప్పవలసిన మాట ఉంది. పేటవాళ్ళ సమాధుల తోటకి దారి లేదు. వానలకి కాలవ పొంగితే శవపేటికని మొలలోతు నీళ్ళలో మోసుకుపోవాలి. కిందటి వానల్లో దానం అన్న ఇమ్మానుయేలు పోయాడు. మోస్తున్నవాళ్ళు బురదలో జారారు. పెట్టె చేతుల్లోంచి పోయి నీళ్ళ మీద తేలింది. దానం జబ్బు తర్వాత ఇంకా కాస్త ఈడ్చే కాలుతోనే నీళ్ళలోకి దూకి, పెట్టెని రెండు చేతులా వాటేసుకుని, వాళ్ళు లేచి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ దారి సంగతి పార్టీ అధినేత ముఖాన చెప్పాలి. అంతే.

శాంతి బడిలో పిల్లలకు వంట చేస్తుంది. రోజూ వంటకు వెళ్ళేముందు పెరట్లో అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేది.

"పరిగెట్టకండీ. ఒక్కో మాటా విడదీసి చెప్పండి. స... మా... ధుల... తోట. ఊపిరి తీసుకోండి. ఇప్పుడు, దారి."

అతను చెప్పేవాడు. చొంగ కారితే ఆమె కొంగుతో తుడిచేది. మళ్ళీ చెప్పించేది. ఒకనాడు పక్కింటి లిడియా దడి మీదుగా తొంగిచూసి, "ఇప్పుడు నాక్కూడా తెలిసిందండీ అత్తా, మావయ్యగారి మాట!" అంది. దానం చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. శాంతికి కళ్ళు చెమర్చాయి. బస్సెక్కే రోజు ఉతికిన తెల్లచొక్కా తొడిగి, కాలరు సరిచేసి, "పరిగెట్టకండేం," అని మరోసారి చెప్పి పంపింది.

మహాసభని ఊళ్ళోవాళ్ళు చూడడానికి పెదబాబు తన షెడ్డు ముందు పెద్ద తెర కట్టించాడు. కుర్చీలు వేయించాడు, మజ్జిగ పోయించాడు. దానం మాట్లాడతాడు కదా అని శాంతిని ముందు వరసలో కూర్చోబెట్టారు. పెదబాబు మేనల్లుడు సుధీర్ పార్టీకి సోషల్ మీడియా చూస్తాడు. కర్రకి ఫోను తగిలించి, ప్రసంగాలు వింటున్న జనం మొహాలు వీడియో తీస్తూ కుర్చీల మధ్య తిరుగుతున్నాడు.

పొద్దుటి నుంచీ ప్రసంగాలే. తెర మీద మంత్రి అవతలి పార్టీని తిడితే ఇక్కడ ఈలలు. ఒక ఆడమనిషి మాట్లాడడానికి లేస్తే ఆమె చీర గురించి, నడక గురించి వెనక కుర్చీల్లోంచి మాటలు. ఒక ముసలి నాయకుడు మాట మధ్యలో మరిచిపోయి కాగితాలు వెతుక్కుంటుంటే, "ఇంట్లో పడుకోబెట్టక తీసుకొచ్చేరేంట్రా," అని కేక. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు విని శాంతి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

దానం పేరు పిలిచారు. షెడ్డు ముందంతా చప్పట్లు. తెల్లచొక్కా, పచ్చని దీపాల వెలుగు, జారిన పెదవి. అంత పెద్ద తెర మీద ఆ పెదవి చాటంత కనబడింది.

మొదటి మాట బాగానే వచ్చింది. ఆ తర్వాత అతను పరిగెత్తాడు. ఎదురుగా అంత జనాన్ని చూశాక ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. అన్న పెట్టె, నీళ్ళు, బురద, దారి, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోయాయి. కుర్చీలో కూర్చున్న శాంతి పెదవులు అతనితోపాటే కదులుతున్నాయి. ఆమెకు ప్రతి మాటా తెలుస్తోంది. "పెట్టె నీళ్ళలో తేలిపోయిందయ్యా, మా అన్నని నేను పట్టుకుని నిలబడ్డానయ్యా," అంటున్నాడు. అంటూ ఏడుస్తున్నాడు. ఏడుపుతో నోరు ఇంకా వంకరపోయింది.

సభలో ఎక్కడో నవ్వు మొదలైంది. అధినేత తన ముందున్న మైకు దగ్గరికి లాక్కుని, "పెద్దాయన పొద్దున్నే ప్రారంభోత్సవం చేసుకుని వచ్చినట్టున్నారు!" అన్నాడు.

సభంతా గొల్లుమంది. షెడ్డు ముందు పెదబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు గనక ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దానం చుక్క ముట్టడని వాళ్ళకి తెలుసు. చర్చిలో సంఘపెద్ద అని తెలుసు. జబ్బు చేస్తే కాకినాడ ఆస్పత్రికి మోసుకెళ్ళినవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళూ నవ్వారు. తరవాత అందరూ ఒక్కసారే తలలు తిప్పి శాంతి వైపు చూశారు.

అప్పుడు శాంతి నవ్వింది.

ఎందుకు నవ్విందో ఆమెకే తెలియలేదు. నవ్వకపోతే ఆ నవ్వంతా తన మీదికి తిరుగుతుందని భయపడిందేమో. సిగ్గుతో మొహం ఎలా పెట్టాలో తెలియక అలా పెట్టిందేమో. ఏదైనా అది నవ్వే. పళ్ళన్నీ కనబడేలా, కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచకుండా నవ్వింది. సుధీర్ ఫోను ఆమె మొహానికి మూరెడు దూరంలో ఉంది.

"ఎలా ఉందండీ మీ ఆయనగారి స్పీచ్?" అన్నాడు.

"బాగా చెప్పేరండీ. సమాధుల తోటకి దారి..." అని ఆమె మొదలుపెట్టేసరికి అతను పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు దానం సంతోషంగా ఇంటికొచ్చాడు. అధినేత భుజం మీద చెయ్యి వేశాడట. ఏదో అన్నాడట, స్పీకర్ల హోరులో సరిగా వినబడలేదట. అంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారట. "దారి వచ్చేస్తుందే," అన్నాడు. శాంతి అన్నం వడ్డిస్తూ తల ఊపింది.

ఆ వారమంతా సెంటర్లో కుర్రాళ్ళు అతన్ని ఆపి శాలువా కప్పారు. "అధ్యక్షా అనండి దానంగారూ, ఒక్కసారి," అని బతిమాలారు. అతను అన్నాడు. వాళ్ళు ఫోన్లలో తీసుకున్నారు. శాంతి అతని చెయ్యి పట్టుకుని లాగితే, "ఉండవే, పిల్లలు ముచ్చట పడుతున్నారు," అని విదిలించుకున్నాడు.

చివరికి సుధీరే చూపించాడు. షెడ్డులో టీ తాగుతుంటే, "మీరు ఫేమస్ అయిపోయేరండీ దానంగారూ, లక్షలమంది చూసేరు," అని ఫోను అతని చేతికిచ్చాడు. మొదట దానం ప్రసంగం, తర్వాత అధినేత మాట, తర్వాత షెడ్డు ముందు జనం. ఆఖరున శాంతి. ఆమె నవ్వు దగ్గర వీడియో ఆగిపోయింది. పైన పెద్ద అక్షరాలు, 'భార్య రియాక్షన్ చూడండి' అని.

దానం ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వు నవ్వేవా?"

"అందరూ నవ్వేరండీ..."

"అందరి సంగతీ నేనడగలేదు."

ఆమె చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకి ఆనించింది. "నవ్వేనండీ," అంది.

అతను అరవలేదు. పెట్టింది తిన్నాడు. పొద్దున్న మామూలుగానే షెడ్డుకి వెళ్ళి పెదబాబుతో టీ తాగాడు. అధినేత మీద కోపం లేదు. పెద్దవాళ్ళు, సరదాకి ఏదో అంటారన్నాడు. ఊరి మీదా కోపం లేదు. సుధీర్‌ని అడిగి ఆ వీడియో మాత్రం తన ఫోనులో వేయించుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అది చూపించేవాడు. శాంతి కాఫీ తెచ్చి ఇస్తుంటే వచ్చినవాళ్ళు ఫోనులో మొహం చూసి, ఆమె మొహం చూసి, ముసిముసిగా నవ్వుకునేవారు. కొత్తపేట నుంచి కూతురొస్తే కూతురికీ చూపించాడు. "నువ్వు కూడానా అమ్మా?" అంది ఆ పిల్ల.

ఒకరోజు శాంతి ఆగలేకపోయింది.

"నాకంటే ముందు నవ్వినోళ్ళ పక్కన కూర్చుని టీ తాగుతున్నారు కదండీ. నేనొక్కదాన్నేనా మీకు దొరికింది?"

దానం ఫోను పక్కన పెట్టి, "ఆళ్ళకి నా మాట తెలీదు. నేనేం చెబుతున్నానో నీకు తెలుసు," అన్నాడు.



వానలకు ముందు ఎమ్మెల్యే కాలవ గట్టు చూడడానికి వచ్చాడు. పెదబాబు పేటలోకి కూడా తీసుకొచ్చాడు. దానం చేతులు జోడించుకుని ఎదురెళ్ళి దారి సంగతి ఎత్తుకున్నాడు. ఆవేశంలో మళ్ళీ మాటలన్నీ ముద్దయ్యాయి. ఎమ్మెల్యేకి ఒక్క ముక్క తెలియలేదు. గుమ్మంలో ఉన్న శాంతిని చూసి, "ఏమంటున్నారమ్మా మీవారు?" అని అడిగాడు.

శాంతి గబగబా దిగి వచ్చింది. ఆమె మనసులో మాటలన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. "సమాధుల తోటకి అండీ..." అంటుండగా దానం చెయ్యి అడ్డం పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు. ఒక్కో మాటా విడదీసి, ఒక్క అక్షరం కూడా పోకుండా అన్నాడు.

"దాన్ని... అడక్కండి. అది... నవ్వుద్ది."

అది అందరికీ తెలిసింది. పెదబాబు ముందు నవ్వాడు. ఎమ్మెల్యే వీడియో చూసి ఉన్నాడు గనక వెంటనే గుర్తుపట్టి, "ఓహో, నువ్వేనా తల్లీ!" అని ఇంకా గట్టిగా నవ్వాడు. శాంతి భుజం తట్టి కారెక్కాడు. కారు వెనకే మిగతావాళ్ళ మోటారు సైకిళ్ళు కదిలాయి. దానం కూడా వంకర పెదవితో నవ్వుతూ, కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు.

తర్వాత వెనక్కి తిరిగి, మిగిలిన నలుగురికీ దారి గురించి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. అన్న పెట్టె ఎలా తేలిందో, తను ఎలా పట్టుకున్నాడో చెబుతున్నాడు. వాళ్ళు తలలు ఊపుతూ, అలవాటుగా శాంతి వైపు చూశారు. ఆమెకు ప్రతి మాటా తెలుస్తూనే ఉంది. నోరు విప్పలేదు. బడికి వేళయిందని లిడియాకి కేక వేసి చెప్పి, చెప్పులు వేసుకుని వాళ్ళ మధ్యలోంచే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.