బోణీ అయ్యేదాకా ఆపను

ఈ ఉదయం కొట్టు తెరిచి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, దీపం పెట్టి కూర్చున్నానో లేదో ఇంటర్నెట్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే మనిషిది కాని ఓ ఆడగొంతు పలికి, తెలుగు కావాలంటే ఒకటి నొక్కమని, ఇంకేదో కావాలంటే ఇంకేదో నొక్కమని కాసేపు నన్ను ఆడించి, చివరికి పెట్టె ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయమని తేల్చింది. నేను చెయ్యనన్నాను. యంత్రంతో పోట్లాడే వెర్రిదాన్ని ఈ అనకాపల్లిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను గానీ, నోరు జారాక, ఎందుకలా అన్నానో నా వయసు వాళ్లకైనా చెప్పుకోవాలనిపించింది.

మాది దేవరాపల్లి దగ్గర ఓ పల్లె, చెరకు రైతులం. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి బయటికొచ్చేసరికి మా ఊళ్లో ఉద్యోగమంటే బడి, బ్యాంకు తప్ప మూడోది ఎవరికీ తెలియదు. అప్పట్లో అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఓ మేడ మీద, కొట్లకు బిల్లులు వేసే ప్రోగ్రాం అమ్మే చిన్న కంపెనీ ఉండేది. కొన్నవాళ్లకు ఇబ్బంది వస్తే ఫోన్లోనే సరిచేయించే మనిషి కావాలన్నారు. ఫోన్ ఎత్తే పని మగపిల్లలకు నామోషీ అనిపించింది కాబట్టి నాకు దక్కింది, ఆ సంగతి దాచాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ ఏడు మా చెరకంతా ఎర్రకుళ్లు తెగులుకు పోయి, ఇంట్లోకి వచ్చే రాబడి నా జీతమొక్కటే అయినా, మా నాన్నకు మాత్రం గురి కుదరలేదు. “ఫోన్లో కూకుని సెప్పడం కూడా ఉజ్జోగవేనేటే?” అని నవ్వేవాడు.

ఆఫీసు వాళ్లు నేర్పిన పాఠంలో మొదటి మాటా చివరి మాటా ఒకటే, ఆఫ్ చేసి ఆన్ చేయమనండి అని. నిజానికి సగం జబ్బులకు అదే మందు. చేరిన కొత్తలో ఓ పొద్దున్న బెల్లం మార్కెట్ నుంచి ఓ పెద్దాయన, తాతల నాటి నుంచి బెల్లం వ్యాపారం చేస్తున్న షావుకారు, ఫోన్ చేసి బిల్లుల మిషను తెర కదలడం లేదన్నాడు. నేను బుద్ధిగా పాఠం అప్పజెప్పాను. అవతల ఒకటే ఉరుము. “పొద్దున్నే కొట్లో అవేటి మాటలమ్మా? బోణీ అవనేదింకా, ఆపీమంటావేటి!” అని ఫోన్ పెట్టేశాడు.

నాకు కోపం రాలేదు, మా ఇంటి మాటే వినబడినట్టయింది. తొలి బేరం అయ్యేదాకా మనవాళ్లు అరువివ్వరు, ఆపడం, మూయడం లాంటి మాటే ఎత్తరు. రాత్రయినా కొట్టు కట్టేశామంటారు గానీ మూసేశామనరు. అలాంటి మనిషిని, పసుపు కుంకుమలు అద్ది దణ్ణం పెట్టుకున్న మిషనును పొద్దున్నే ఆపమంటే ఆపుతాడా? ఆనాటి నుంచి ఉదయం పూట ఎవరు ఫోన్ చేసినా ముందు బోణీ అయిందా అని అడిగేదాన్ని. కాలేదంటే తొలి బిల్లు చేత్తో రాసుకుని, తర్వాత మిషను ఆపి వెయ్యమనేదాన్ని. మార్కెట్లో నాకు బోణీ అమ్మాయని పేరు పడింది.

కొన్నాళ్లకు పట్నం నుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడనను, కానీ నా ప్రశ్న ఆయన చెవికి చాదస్తంగా తోచింది. కొట్టువాళ్ల బోణీతో మనకేం పని, ఫోన్ ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిదన్నాడు. ఇంకోసారి ఆ మాట వినబడితే ఉద్యోగం ఉండదనీ అన్నాడు. ఇంటికెళ్లి చెబితే నాన్న తలవంచుకుని వాళ్లు చెప్పినట్టు చేసుకుపొమ్మంటాడనుకున్నాను. గానుగ దగ్గర బెల్లం వండి వండి చేతులు కాయలు కాసిన మనిషి. “పాకం పెనం మీదుండగా మంట తీసీమన్నోడు బెల్లం వండినోడు కాదే. నీకు తెలిసినట్టు నువ్వు సెయ్యి, ఇంటి సంగతి నాను సూసుకుంటాను,” అన్నాడు. చూసుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు.

మర్నాడు ఆఫీసరు నా పక్కనే కుర్చీ వేసుకుని, తానూ వినేలా ఇంకో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నాడు. తొలి ఫోన్ ఆ బెల్లం షావుకారుదే. భయం వేసింది, కాదనను. అయినా గొంతు పెంచి మరీ అడిగాను, “బోణీ అయిందా తాతయ్యా?” అని.

“ఇంకా నేదమ్మా. అయ్యేక నువ్వు సెప్పినట్టే సేత్తాన్లే.”

ఆఫీసరు నా తల మీంచి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు. నేను బతిమాలలేదు. మెట్లు దిగి తిన్నగా బెల్లం మార్కెట్‌కు నడిచి, ఆ షావుకారు కొట్టు ముందు నిలబడి, నేనే ఆ ఫోన్ అమ్మాయిననీ, ఉద్యోగం పోయిందనీ, ఇకమీదట మీ మిషన్లు నేనే వచ్చి చూస్తాననీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బెల్లం చేతులతో నొక్కి నొక్కి చీమలు పట్టిన కీబోర్డు ఒకటి మూల నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. “ఇదిగోనమ్మా, నీకు బోణీ,” అన్నాడు. చీమలు మోచేతి దాకా పాకుతున్నా దాన్ని గుండెకు హత్తుకుని నడిరోడ్డు మీద ఏడ్చాను.

ఆ కీబోర్డుతో మొదలైందే ఈ రిపేరు కొట్టు. తర్వాత నాతవరం, మాకవరపాలెం కొట్ల మిషన్లు కూడా నా బల్ల మీదికే వచ్చాయి, మా ఇల్లు గడిచింది, పొలంలో మళ్లీ చెరకు లేచింది. ఫోన్లో చెప్పడం కూడా ఉద్యోగమేనని నాన్న ఒప్పుకోలేదు గానీ, బస్సులో పక్కవాళ్లందరికీ నా కొట్టు గుర్తులు చెప్పేవాడు.

ఇప్పుడు నాన్న లేడు, ఆ షావుకారూ లేడు. మిషన్లు బాగుపడ్డాయి, మునుపటిలా మొరాయించవు, మంచిదే. ఈ పొద్దుటి ఫోన్ గొంతు కూడా మర్యాదగానే మాట్లాడింది. నా భాషేమిటో అడిగింది, నంబరడిగింది, తన సాయం నాకు నచ్చిందో లేదో అదీ అడిగింది. బోణీ అయిందా అని మాత్రం అడగలేదు. ఎండ గుమ్మం దాకా వచ్చింది, ఇంకా ఎవరూ మెట్టెక్కలేదు. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. వెలగనీ.